మేనేజర్ పోతాడేమోనన్న టెన్షన్‌లో ఉన్న కూకట్‌పల్లి తమ్ముడికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. మిగతావాళ్లకి కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను. నువ్వుండేది కూకట్‌పల్లిలో. నువ్వు ప్రాణం పెట్టిన క్లబ్ మాత్రం ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో మొన్నమొన్నటి దాకా పదిహేను, పదహారు స్థానాల్లో కొట్టుమిట్టాడినది. ఈ మేనేజర్, అంటే మన లెక్కన చీఫ్ కోచ్, వచ్చి రెండేళ్లలో పైకి లాక్కొచ్చాడు. ఇప్పుడు ఒక పెద్ద క్లబ్ తన మేనేజర్‌ని తీసేసింది, ఆ కుర్చీకి మీవాడి పేరు వినిపిస్తోంది. మీ దగ్గర ఆయన కాంట్రాక్ట్ వచ్చే ఏడాది జూన్‌తో అయిపోతుంది, కొత్తదాని మీద సంతకం పెట్టలేదు. రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసుకుంటున్నావు. వెళ్తాడా, వెళ్తే మా గతేంటి, ఆటగాళ్లు కూడా వెనకాలే పోతారా, పోయేవాణ్ణి తిట్టాలా వద్దా అని అడిగావు. చివర్లో కాస్త సిగ్గుపడుతూ, ఈ ఏడాది జెర్సీ కొనాలా ఆగాలా అని కూడా అడిగావు. క్లబ్ పేరు మాత్రం రాయలేదు, రాస్తే ఇక్కడ అందరూ నవ్వుతారన్నావు. మన ఊళ్లో ఎవర్ని కదిలించినా ఆ ఐదారు క్లబ్బుల చొక్కాలే కాబట్టి నీ బాధ నాకర్థమైంది. నేనూ పేరు తీయను.

"అన్నా" అని పిలిచావు గానీ వయసు లెక్కన బాబాయ్ అనాలి. ఒకప్పుడు సిటీ లీగ్‌లో ఒక ఆఫీసు జట్టుకి రైట్ బ్యాక్ ఆడాను. మోకాలు పోయాక ఇరవై ఏళ్లు స్కూలు పిల్లలకి ఆట నేర్పాను. 2019లో మన ఊరి క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైనప్పటి నుంచి గచ్చిబౌలి స్టేడియంలో గొంతు చించుకున్నాను. కోచ్ వదిలిపోతే ఎలా ఉంటుందో అభిమానిగా చూశాను. కోచ్‌గా నేనే వదిలిపోయాను కూడా. అందుకే ఇంత పొడుగు జవాబు.

వెళ్తాడా అంటే, వెళ్తాడనే నా లెక్క. ఈ పెద్ద క్లబ్‌కే అని కాదు, ఎక్కడికో ఒకచోటికి. ఎందుకంటే కాంట్రాక్ట్ కాగితం అలా ఉంది. ఇంకో రెండు మూడేళ్లు మిగిలి ఉంటే తీసుకెళ్లేవాళ్లు మీ క్లబ్‌కి గట్టిగా పరిహారం కట్టాలి. గడువు దగ్గరపడే కొద్దీ అది కరిగిపోతుంది, జూన్ దాటితే సున్నా. సంతకం పెట్టని మనిషిని ఉత్తపుణ్యానికి పోగొట్టుకునే కంటే నాలుగు డబ్బులు తీసుకుని పంపడమే మేలని ఏ యజమానికైనా అనిపిస్తుంది. 2022 సెప్టెంబర్‌లో బ్రైటన్ మేనేజర్ గ్రాహం పాటర్‌ని చెల్సీ ఎత్తుకెళ్లినప్పుడు బ్రైటన్‌కి 2 కోట్ల పౌండ్లకు పైగా ముట్టిందని వార్తలొచ్చాయి. అంటే మన డబ్బులో రెండు వందల కోట్లకి కాస్త అటూ ఇటూ. అంత పెట్టి ఒక మంచి ఫార్వర్డ్‌నే కొనుక్కోవచ్చు.

ఇంకో సంగతి. ఆటగాళ్లకి ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్ మారడానికి ఒక గడువు, ఉంది కాబట్టి అది మూసుకున్నాక జనవరి దాకా ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంగ్లాండ్‌లో మేనేజర్లకి అలాంటిదేం లేదు. శనివారం మీ మ్యాచ్ ఆడించినవాడు బుధవారానికి ఇంకో ఊళ్లో విజిల్ పట్టుకుని కనిపించొచ్చు. పాటర్ వెళ్లింది సీజన్ మొదలై నెల తిరిగేసరికి, అదీ బ్రైటన్ నాలుగో స్థానంలో ఉండగా.

రోజూ నువ్వు చూసే పుకార్లలో సగం ఏజెంట్లు వదిలేవే. పెద్ద క్లబ్ పేరు పక్కన తన క్లయింట్ పేరు పడితే పాత క్లబ్ దగ్గరే జీతం పెంచుకోవచ్చు. బెట్టింగ్ కంపెనీల లెక్కలు చూసి భయపడకు, ఇలాంటి పందేల మీద పడే డబ్బు తక్కువ కాబట్టి పదిమంది ఒకే పేరు మీద పెడితే చాలు అంకెలు మారిపోతాయి. "నేనిక్కడ చాలా సంతోషంగా ఉన్నాను" అని మేనేజర్ అన్న మాటని అయితే అసలు లెక్కలోకే తీసుకోకు. వెళ్లే ముందు రోజు కూడా అదే అంటారు.

మరి దేన్ని చూడాలి? దీనికి నా కథే చెప్పాలి.

2008 నాటి మాట. తిరుమలగిరి వైపు ఒక స్కూల్లో అండర్-16 జట్టుకి కోచ్‌ని. మట్టి గ్రౌండ్, రెండో గోల్‌పోస్టుకి నెట్ కూడా ఉండేది కాదు. నగరానికి అటు చివర కొత్తగా కట్టిన పెద్ద స్కూల్ వాళ్లు పిలిచారు. రెట్టింపు జీతం, పచ్చగడ్డి గ్రౌండ్, పిల్లల్ని బయటి ఊళ్ల టోర్నమెంట్లకి సొంత బస్సులో పంపుతామన్నారు. అక్టోబర్‌లో ఒప్పేసుకున్నాను, జనవరిలో చేరాలి. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే తెలియదు కదా అనుకున్నాను.

మా గోల్‌కీపర్ పదో తరగతి పిల్లాడు, వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక గ్లౌజులు చేత్తో పట్టుకుని వచ్చాడు. అరచేతి దగ్గర రబ్బరంతా లేచిపోయి లోపలి గుడ్డ కనిపిస్తోంది. "సార్, నాన్న కొత్తవి కొనిస్తానంటున్నాడు. ఇప్పుడే కొనాలా, వచ్చే సీజన్‌కి కొనాలా? చెయ్యి ఇంకా పెరుగుతుంది కదా సార్" అన్నాడు. వేరే రోజైతే ఆ చెయ్యి పట్టుకుని చూసి, సైజు చెప్పి, ఏ షాపులో బేరమాడాలో కూడా చెప్పి పంపేవాణ్ణి. ఆ రోజు "చూద్దాం లేరా" అన్నాను. వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "సరే సార్" అని వెళ్లిపోయాడు. మర్నాటికి జట్టు జట్టంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందిరా అని తర్వాత ఇంకో పిల్లాణ్ణి అడిగితే, "మీరు నెల రోజుల నుంచి మమ్మల్ని తిట్టట్లేదు సార్" అన్నాడు.

నిజమే. ఉండబోయేవాడు తిడతాడు, ఎందుకంటే ఆ తప్పు వచ్చే నెల మళ్లీ తన మెడకే చుట్టుకుంటుంది. పోయేవాడు మంచివాడైపోతాడు. కాబట్టి మీ మేనేజర్ ప్రెస్ మీట్లలో క్లబ్ మీద ప్రేమ గురించి ఏం చెప్తున్నాడో వదిలెయ్. వచ్చే జులై ప్రీ సీజన్ గురించి, లెఫ్ట్ బ్యాక్ కొనడం గురించి, అకాడమీ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడి గురించి అడిగినప్పుడు ఏమంటున్నాడో విను. యజమాని డబ్బు తీయట్లేదని బహిరంగంగా గొడవ పడుతున్నాడంటే ఇంకా ఉండాలనే ఉందన్నమాట. అందరూ గొడవని చూసి భయపడతారు గానీ, నాకు మాత్రం గొడవ ఆగిపోయినప్పుడే భయమేస్తుంది.

నా ఆ జట్టు డిసెంబర్‌లో నాలుగు మ్యాచ్‌లాడి మూడు ఓడింది. పిల్లల్లో లోపమేం లేదు. పోయేవాడు ఇచ్చే ప్లాన్ కోసం ఎవడు పడి లేస్తాడు?

ఇదే కథ 2021లో జర్మనీలో చాలా పెద్ద స్థాయిలో జరిగింది, అదీ వరసగా మూడు క్లబ్బుల్లో. నీ ప్రశ్నకి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. గ్లాడ్‌బాఖ్ కోచ్ మార్కో రోజె సీజన్ అయ్యాక డార్ట్‌మండ్‌కి వెళ్తున్నాడని ఫిబ్రవరిలో ప్రకటించారు. అప్పటికి గ్లాడ్‌బాఖ్ యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ నాకౌట్‌లో ఉంది. ప్రకటన వచ్చాక అన్ని పోటీల్లో కలిపి వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ ఖాళీ నింపడానికి గ్లాడ్‌బాఖ్ ఏం చేసింది? ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోచ్ ఆది హ్యూటర్‌ని మాట్లాడుకుంది. ఆ సంగతి ఏప్రిల్‌లో బయటపడింది. అప్పటిదాకా నాలుగో స్థానంలో హాయిగా ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ ఐదుకి జారి చాంపియన్స్ లీగ్ చేజార్చుకుంది. అంటే మేనేజర్ పోవడం కంటే, పోతున్నాడని తెలిశాక మిగిలిన ఆ రెండు మూడు నెలలే ఎక్కువ దెబ్బ కొట్టాయి.

ఇక ఫ్రాంక్‌ఫర్ట్ వుల్ఫ్స్‌బర్గ్ నుంచి ఒలివర్ గ్లాస్నర్‌ని తెచ్చుకుంది. అక్కడి అభిమానులు నీలాగే నెత్తి కొట్టుకుని ఉంటారు. ఏడాది తిరిగేసరికి, 2022 మేలో, ఆ ఫ్రాంక్‌ఫర్టే యూరప్‌లో చాంపియన్స్ లీగ్ తర్వాతి పోటీ యూరోపా లీగ్ కప్పు ఎత్తింది. పెద్ద క్లబ్‌కి వెళ్లిన రోజె డార్ట్‌మండ్‌లో ఒక్క సీజనే ఉన్నాడు. హ్యూటర్ గ్లాడ్‌బాఖ్‌లో కూడా ఒక్క సీజనే. గ్లాస్నర్‌ని పోగొట్టుకున్న వుల్ఫ్స్‌బర్గ్ మాత్రం ఆయన స్థానంలో తెచ్చిన కోచ్‌ని అక్టోబర్‌లోనే తీసేసి, నాలుగో స్థానం నుంచి పన్నెండుకి పడింది. అందరికీ జరిగింది ఒకటే, కోచ్ పోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి కలిసొచ్చింది, వుల్ఫ్స్‌బర్గ్‌కి బెడిసికొట్టింది. తేడా అంతా తర్వాత ఎవర్ని తెచ్చుకున్నారన్న దాంట్లోనే ఉంది.

బ్రైటన్ సంగతి చూడు. పాటర్ తన సహాయక కోచ్‌లని కూడా వెంట తీసుకెళ్లాడు. పది రోజుల్లో రాబెర్టో డి జెర్బి వచ్చాడు. అంత త్వరగా వచ్చాడంటే పాటర్ ఉండగానే ఆయన పేరు వాళ్ల చిట్టాలో ఉందని అర్థం. ఆ క్లబ్‌లో ఆటగాళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి, ఒకడు ఆడుతుండగానే వాడి తర్వాతివాడెవడో చూసిపెట్టుకుంటారు. అయితే డి జెర్బి మొదటి ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. అప్పుడు నువ్వు బ్రైటన్ అభిమానివై ఉంటే ఏం రాసేవాడివో ఊహించుకో. 2022 అక్టోబర్ 29న పాటర్ చెల్సీని తీసుకుని అదే గ్రౌండ్‌కి వచ్చాడు. డి జెర్బి మొదటి గెలుపు ఆ రోజే, 4-1. సీజన్ చివరికి బ్రైటన్ ఆరో స్థానంలో నిలిచి, 1901లో పుట్టిన తర్వాత మొదటిసారి యూరప్ పోటీలకి వెళ్లింది. పాటర్ ఉద్యోగం ఏప్రిల్ 2నే ఊడింది.

అన్నిసార్లూ మొదటి మనిషే కుదరాలని లేదు. 2024 నవంబర్‌లో కోచ్ రూబెన్ అమోరిమ్ పోర్చుగల్ లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌ని వదిలి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లేటప్పటికి స్పోర్టింగ్ లీగ్‌లో 11కి 11 గెలిచి ఉంది. బి జట్టు కోచ్ జొవావ్ పెరేరాని పైకి తెచ్చారు. ఆట చెదిరిపోయింది, క్రిస్మస్ మర్నాడే ఆయన్ని మార్చేశారు. మూడో కోచ్ రూయి బోర్జెస్ వచ్చి లీగూ కప్పూ రెండూ గెలిపించాడు. యునైటెడ్ ఆ ఏడాది 15వ స్థానం. ఇందులో నాకు నచ్చింది స్పోర్టింగ్ వాళ్లు తప్పుని ఆరు వారాల్లోనే ఒప్పేసుకోవడం. మన దగ్గర అయితే పరువు కోసం సీజనంతా లాగుతారు.

ఇప్పుడు గచ్చిబౌలికి వద్దాం. నీకు అప్పటికి పదిహేనేళ్లు ఉంటాయేమో, గుర్తుందో లేదో.

ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ 2019-20లో ఆఖరి స్థానం. పది జట్లలో పదోది. ఇంగ్లీషు కోచ్ ఫిల్ బ్రౌన్‌ని జనవరిలో పంపించేసి, తర్వాతి సీజన్ కోసం ఆల్బెర్ట్ రోకాని కుదుర్చుకున్నారు. అంతకుముందు బెంగళూరు ఎఫ్‌సీని ఆడించిన మనిషి, మన ఆటగాళ్లు తెలిసినవాడు. హమ్మయ్య అనుకున్నాం. 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి ఫోనొచ్చింది. చీఫ్ కోచ్‌గా మా జట్టుని ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే, అక్కడి చీఫ్ కోచ్ కూమన్ దగ్గర ఫిట్‌నెస్ కోచ్‌గా వెళ్లిపోయాడు. నువ్వు పెద్ద క్లబ్ అంటున్నావే, అంతకంటే పెద్ద క్లబ్ ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? మా దగ్గర చీఫ్ కోచ్ పోస్టు కంటే వాళ్ల దగ్గర పరుగులు పెట్టించే పోస్టే పెద్దది. కోపం రాలేదు. నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది.

ఆ కంగారులో వచ్చినవాడే మనోలో మార్కెజ్. 2017లో కొన్నాళ్లు స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పామాస్‌కి పనిచేశాడని తప్ప ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. "ఎవరీయన, చివర్లో మిగిలినవాణ్ణి పట్టుకొచ్చారు" అని నేనే మా వాట్సాప్ గ్రూపులో రాశాను. మావాళ్లు ఇప్పటికీ ఆ మెసేజ్ తీసి చూపిస్తుంటారు. మొదటి సీజన్‌లో ఐదో స్థానం. రెండో సీజన్‌లో, 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. మలక్‌పేటలో దోస్తు ఇంట్లో పన్నెండు మందిమి టీవీ ముందున్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్ నెట్‌లో పడగానే పక్కింటివాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు. పెనాల్టీల్లో మా కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. రోకా ఉండి ఉంటే ఇది జరిగేదా అంటే ఏం చెప్తాం? జరిగినా జరిగేదేమో. కానీ రోకా పోయాడని ఏడ్చినవాళ్లమే ఆ రాత్రి రోడ్డు మీద చిందులేశాం.

కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే ఆడించారు. చాంపియన్లని సొంత గ్రౌండ్‌లో చూడ్డానికి మేం 2022 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అది వేరే బాధ, ఇంకోసారి చెప్తాను.

ఆటగాళ్ల గురించి అడిగావు కదా. అవును, పోతారు. కానీ మేనేజర్ పోతేనే పోతారనుకోకు. మా ఆటగాడు లిస్టన్ కొలాసో మనోలో ఉండగానే 2021లో కోల్‌కతాలోని ఒక క్లబ్‌కి వెళ్లాడు, ఆశీష్ రాయ్ కప్పు గెలిచిన వేసవిలోనే అదే క్లబ్‌కి వెళ్లాడు. కొలాసో పోయిన సీజన్‌లోనే కదా మేం కప్పు కొట్టింది. ప్రమాదమంతా ఒకే వేసవిలో మేనేజరూ, నలుగురైదుగురు ఆటగాళ్లూ కట్టకట్టుకుని పోయినప్పుడు. 2025లో కోచ్ జాబీ అలోన్సో రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిన వేసవిలోనే జర్మనీ క్లబ్ లెవర్‌కూసెన్ విర్ట్జ్, ఫ్రింపాంగ్, తా, జాకా అనే ఆటగాళ్లని పోగొట్టుకుంది. కొత్తగా వచ్చిన టెన్ హాగ్‌ని రెండు లీగ్ మ్యాచ్‌లకే ఇంటికి పంపించారు. 2014లో సౌతాంప్టన్‌ది కూడా ఇలాంటి పరిస్థితే. కోచ్ పొచెట్టినో టాటెన్‌హామ్‌కి పోయాడు, ఆటగాళ్లు లల్లానా, లాంబర్ట్, లవ్రెన్, షా, చేంబర్స్ అందరూ పోయారు. దివాలా అన్నారు. కోచ్‌గా కూమన్ వచ్చాడు, ఆ డబ్బుతో మానే, తాడిచ్, పెల్లె వచ్చారు, ఏడో స్థానంలో నిలిచారు. మా బార్సిలోనా కథలో రోకాని పిలిపించుకున్నది ఈ కూమనే. అందుకే అతని పేరు వినగానే నాకు ఒళ్లు మండాలో నవ్వాలో తెలియదు.

మళ్లీ మనోలో దగ్గరికి. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం, ఆ తర్వాత వెళ్లిపోయాడు, ఎఫ్‌సీ గోవాకి. ఒప్పందం పూర్తి చేసి, ముందే చెప్పి, మర్యాదగా వెళ్లాడు. తర్వాత 2024లో గోవాలో ఉంటూనే ఇండియా జట్టు కోచ్ కూడా అయ్యాడు. ఆయన వెళ్లిన సీజన్‌లో మా క్లబ్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. చూశావా, కోచ్ పోతే ఇంతే అంటావేమో. ఆగు. ఆ ఏడాది జీతాల బకాయిల గొడవ, కొత్త ఆటగాళ్లని తీసుకోకూడదని ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, విదేశీ ఆటగాళ్లు మధ్యలోనే పెట్టె సర్దుకుని పోవడం, అన్నీ కలిసే వచ్చాయి. మనోలో ఉన్నా ఆయన చేతిలో జీతాల చెక్కులు లేవు కదా. కుర్రాళ్లతో ఆ సీజన్ లాగిన కోచ్ తంగ్‌బోయ్ సింగ్టోని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి మారిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. నువ్వు మేనేజర్ పోతాడేమోనని నిద్ర మానుకున్నావు. మాకు కోచ్, ఆటగాళ్లు, పేరు, అన్నీ పోయి గ్రౌండ్ మిగిలింది. మొన్న గచ్చిబౌలి వైపు వెళ్తూ గేటు దగ్గర బండి ఆపాను. వాచ్‌మన్ "ఏం కావాలి సార్" అన్నాడు. ఏం చెప్పాలో తోచక, "ఏం లేదు భాయ్" అని వచ్చేశాను.

అందుకే మీ క్లబ్ గురించి నేనడిగే ప్రశ్నలు వేరు. ఈ మేనేజర్‌ని కనిపెట్టి తెచ్చింది ఎవరు? ఆటగాళ్లనీ కోచ్‌లనీ ఎంచే స్పోర్టింగ్ డైరెక్టరా, యజమానా? ఆ మనిషి ఇంకా ఉన్నాడా? ఉంటే రెండోసారి కూడా వెతకగలడు. మేనేజర్‌తోపాటు ఆయన్ని కూడా పెద్ద క్లబ్ లాక్కుంటోందా? అప్పుడు భయపడు. కిందటి నాలుగైదేళ్లలో అమ్మిన ఆటగాళ్ల డబ్బు మళ్లీ జట్టులోకే వచ్చిందా, అప్పులకి పోయిందా? ఆట తీరు మేనేజర్‌ది మాత్రమేనా, అండర్-21 కుర్రాళ్లు కూడా అలాగే ఆడుతున్నారా?

ఒక్క మనిషి మీదే అంతా నిలబడితే ఏమవుతుందో మన ఊరికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హయాంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు, అప్పట్లో దేశంలో పెద్ద టోర్నమెంటైన రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. అప్పుడు కోల్‌కతా అంటే ఇవాళ్టి మాడ్రిడ్, మాంచెస్టర్ లెక్క. మన ఆటగాడు బలరాం అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కి వెళ్లాడు, తర్వాతి తరంలో హబీబ్ వెళ్లాడు. ఆటగాళ్లు పోతూనే ఉన్నా రహీం సాబ్ ఉన్నన్నాళ్లు ఇక్కడ కొత్తవాళ్లు తయారవుతూనే ఉన్నారు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన పోయారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవర్నీ సిద్ధం చేసి పెట్టుకోలేదు. మల్లేపల్లిలో, బార్కస్‌లో పెద్దవాళ్లని అడుగు, హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎప్పుడు తగ్గింది అంటే చాలామంది ఆ ఏడాదే చెప్తారు.

తిట్టాలా అన్నావు. ఎప్పుడు, ఎలా వెళ్లాడన్నదాన్ని బట్టి ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో కోచ్ బ్రెండన్ రాడ్జర్స్ టైటిల్ రేసు మధ్యలో స్కాట్లాండ్ గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్‌ని వదిలి ఇంగ్లాండ్‌లో లెస్టర్‌కి పోతే గ్లాస్గో అభిమానులు మోసగాడని బ్యానర్ కట్టారు. 2023లో అదే రాడ్జర్స్ అదే క్లబ్‌కి తిరిగొచ్చి మళ్లీ లీగ్ గెలిపిస్తే అదే స్టాండ్స్‌లో చప్పట్లు కొట్టారు. కాబట్టి తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ తర్వాత మింగలేని మాటలు ఇంటర్నెట్‌లో రాయకు. సీజన్ పూర్తి చేసి, క్లబ్‌కి డబ్బు తెచ్చిపెట్టి వెళ్లేవాణ్ణి తిట్టడానికి నాకైతే నోరు రాదు. నువ్వూ ఎక్కువ జీతం వస్తే కంపెనీ మారేవాడివే కదా.

నా విషయంలో పిల్లలు తిట్టలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. 2022లో గచ్చిబౌలిలో మ్యాచ్ విరామంలో టీ కోసం నిలబడితే ఎవరో వెనక నుంచి "సార్" అన్నారు. ఆ గోల్‌కీపర్. గడ్డం పెంచాడు, భుజం మీద మూడేళ్ల పాప. నేను క్షమాపణ లాంటిదేదో గొణిగాను. వాడు నవ్వి, "గ్లౌజులు ఆ వారమే కొన్నాను సార్. మీరు చెప్పలేదు కదా, సైజు తప్పు కొన్నాను. రెండేళ్లు బిగుతుగానే వాడాను" అన్నాడు.

ఈ వారం ప్రెస్ మీట్ వినేటప్పుడు ఎవరైనా జులై గురించి అడిగితే ఆయన ఏమన్నాడో అవే మాటల్లో ఇక్కడ రాయి, చూసి చెప్తాను. జెర్సీ మాత్రం ఇప్పుడే కొనేసుకో. సైజు చూసుకుని కొను.